ఎర్ర మూత, నారింజ మూత

1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆస్పత్రిలో లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి ఎక్కించింది 15 మిల్లీలీటర్ల మడ్డి రసం. ఒక్కో పిరుదుకి ఏడున్నర మి.లీ. చొప్పున. షుగర్ కాస్త దిగింది, సూది పొడిచిన చోట గడ్డ లేచింది. జేమ్స్ కొలిప్ ఆ రసాన్ని శుద్ధి చేసి ఇచ్చాక జనవరి 23న మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి కుర్రాడు తేరుకున్నాడు. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్‌ల ఈ కథ నర్సింగ్ విద్యార్థులందరికీ తెలిసిందే. ఆ మందును కొలవడం ఎలా మొదలైందన్న కథ మాత్రం అంతగా ఎవరూ చెప్పరు. వార్డులో రోజూ పనికొచ్చేది అదే.

పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములంటే తూకం. తొలినాళ్ల ఇన్సులిన్‌ను తూచి లాభం లేదు. పశువుల క్లోమం నుంచి తీసిన సరుకు కదా, ఒకసారి చిక్కగా వచ్చేది, ఇంకోసారి పలచగా. అందుకని బరువు వదిలేసి, అది చేసే పనిని కొలిచారు. రెండు కిలోల కుందేలును ఒక రోజంతా పస్తుంచి, మందు ఎక్కించి, నాలుగు గంటల్లో దాని రక్తంలో చక్కెర 45కి దిగితే ఆ మోతాదు ఒక యూనిట్. 1923లో ఎడిన్‌బరోలో నానాజాతి సమితి తరఫున కూర్చున్న నిపుణులు దాన్ని మూడో వంతుకు కుదించారు. ఈనాడు కేస్ షీట్‌లో రాసే యూనిట్‌కి మూలం ఆ కుందేలే.

యూనిట్ కుదిరింది, గొడవ సిరంజీ దగ్గర మొదలైంది. మొదట్లో మి.లీ.కి 10, 20 యూనిట్ల మందు వచ్చేది. ఎక్కువ డోసు కావాల్సినవాళ్లకి అంత నీరు ఎక్కించడం నరకం. మందు చిక్కబడి 40, 80 వచ్చాయి. బ్రిటన్‌లో మందు మారింది గానీ సిరంజీ మారలేదు. మి.లీ.కి 20 గీతలున్న పాత సిరంజీయే కొనసాగింది. దాంతో 20 బలం మందు తీస్తే ఒక గీత ఒక యూనిట్. 40 అయితే రెండు, 80 అయితే నాలుగు. రోగులు యూనిట్లు మానేసి గీతల్లో మాట్లాడేవారు. ‘పది గీతలు వేసుకుంటున్నాను’ అని రోగి చెబితే అది 10 యూనిట్లో, 20 యూనిట్లో, 40 యూనిట్లో! నర్సుకు లెక్కలు రాకపోవడం కాదు, లెక్కే అలా తగలడింది. ఆ తంటా 1983లో దేశమంతా యూ-100కి, అంటే మి.లీ.కి 100 యూనిట్లకి, మారేదాకా వదల్లేదు. అమెరికా అంతకుముందే, 1970లలో ఆ దారి పట్టింది.

మనం అక్కడికి పూర్తిగా చేరలేదు. మన మందుల షాపుల్లో యూ-40 వయల్ ఇంకా దొరుకుతుంది. చాలా పెన్నులు, కొన్ని వయల్స్ యూ-100. యూ-40 సిరంజీకి ఎర్ర మూత, యూ-100 దానికి నారింజ మూత. వార్డు ట్రేలో రెండూ పక్కపక్కనే పడి ఉంటే రాత్రి డ్యూటీలో, మసక లైటులో, ఆ రెండు రంగులకీ తేడా ఏపాటి?

కేస్ షీట్‌లో 20 యూనిట్లు అని ఉందనుకోండి. యూ-40 వయల్‌లో నుంచి నారింజ మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లు. షుగర్ దిగదు. మర్నాడు డాక్టరుగారు డోసు పెంచుతారు. సాయంత్రం డ్యూటీకి వచ్చిన సిస్టర్ సరైన సిరంజీ తీసుకుంటే ఆ పెంచిన డోసంతా ఒంట్లోకి పోతుంది. తిరగేసి చూడండి: యూ-100 వయల్, ఎర్ర మూత సిరంజీ, అదే 20 గీత. వచ్చేది అర మి.లీ., 50 యూనిట్లు. చెమటలు, వణుకు, మాట తడబడటం. రోగి నిద్రలో ఉంటే ఇవేవీ ఎవరి కంటా పడకపోవచ్చు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన సమయం, సరైన మార్గం అని మనం వల్లెవేసే ఐదింటికీ తప్పు సిరంజీ తీసుకున్న సిస్టర్ కూడా టిక్కు పెట్టగలదు. షీట్‌లో 20, సిరంజీ మీద 20. అందుకే ఇన్సులిన్‌ను ఇద్దరు చూడాలంటారు. రెండో మనిషి మొదటి మనిషి మాట విని తలూపితే అది చూడటం కాదు. వయల్ మీద అంకె, సిరంజీ మీద అంకె తానుగా చదవాలి. మూత రంగు గుర్తుకోసమే, మూత తీశాక అదీ ఉండదు.

రాతలోనూ ప్రమాదమే. 4 పక్కన యూనిట్‌కి గుర్తుగా ఒక్క ఇంగ్లిషు అక్షరం గీకితే అది సున్నాలా కనపడి 40 అవుతుంది. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఆ పొడి అక్షరాన్ని నిషేధించింది. బ్రిటన్ 2010లో యూనిట్ అని పూర్తిగా రాయాలనీ, ఇన్సులిన్‌కు ఇన్సులిన్ సిరంజీయే వాడాలనీ ఆదేశించింది. ఇప్పుడు 200, 300 బలం పెన్నులూ వచ్చాయి. పెన్ను డయల్ తన లెక్క తానే చూసుకుంటుంది. దాంట్లోంచి మామూలు సిరంజీతో మందు లాగితే మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయకండి.

మీ ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటుంటే వయల్ మీదా సిరంజీ మీదా ఉన్న అంకెలు ఇవాళే చూడండి. అవి కలవకపోతే గుట్టుగా సిరంజీ మార్చేయకండి. ఇన్నాళ్ల డోసు ఆ తప్పు సిరంజీ మీదే కుదిరి ఉండొచ్చు. ముందు డాక్టరుగారికి చూపించండి.