హెల్మెట్ థర్మాకోల్‌ను ఏ వేగంతో నలిపి కొలవాలి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ కూడలి దాకా మెట్రో స్తంభాల వెంట సాగే విజయవాడ రహదారిపై బండి జారి పడినవారి తలను కాపాడే పనిలో పెద్ద వాటా హెల్మెట్ లోపలి థర్మాకోల్ పొరదే. పైచిప్ప దెబ్బను వెడల్పుగా పరుస్తుంది; పాలిస్టైరిన్ ఫోమ్ నలుగుతూ శక్తిని మింగుతుంది. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనదారుల హెల్మెట్లకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు కోసం చేసే పరీక్ష హెల్మెట్ మొత్తానిది. లోపలి పదార్థపు ప్రవర్తనను విడిగా కొలవాలంటే మాత్రం ఏ వేగంతో నలపాలన్న చిక్కు వస్తుంది.

ఐరోపా పాత ప్రమాణం ఈసీఈ 22.05లో తాకిడి వేగం సెకనుకు 7.5 మీటర్లు, అంటే గంటకు 27 కిలోమీటర్లు. ఫోమ్ మందం 35 మిల్లీమీటర్లనుకుంటే తొలి వికృతి రేటు (వేగాన్ని మందంతో భాగిస్తే వచ్చేది) సెకనుకు సుమారు 214. మామూలు సంపీడన యంత్రం దీని దరిదాపులకు రాదు. 1914లో బెర్‌ట్రామ్ హాప్‌కిన్సన్ ఆలోచనగా మొదలై, 1949లో కోల్‌స్కీ చేతిలో రెండు కడ్డీల రూపం పొందిన హాప్‌కిన్సన్ బార్ దీన్ని దాటిపోతుంది; అందులో కడ్డీల మధ్య నమూనాను ఉంచి, స్ట్రైకర్ అనే మరో కడ్డీతో కొట్టి తరంగాన్ని పంపుతారు. 10 మిల్లీమీటర్ల నమూనాను సెకనుకు 10 మీటర్ల వేగంతో కొడితే రేటు 1000.

వేగం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. 400 మిల్లీమీటర్ల ఉక్కు స్ట్రైకర్ ఇచ్చే తరంగం 160 మైక్రోసెకన్లే ఉంటుంది. అంతలో నమూనా 16 శాతమే నలుగుతుంది. ఫోమ్ అసలు పని 60, 70 శాతం దాకా నలగడంలో ఉంది. సంకేతం మరీ బలహీనం: అర మెగాపాస్కల్ ప్రతిబలం, నమూనా అంతే అడ్డుకోత ఉన్న ఉక్కు కడ్డీలో రెండున్నర మైక్రోస్ట్రెయిన్ పుట్టిస్తుంది. అది విద్యుత్ రొదలో మునిగిపోతుంది. యాక్రిలిక్ కడ్డీ వాడితే సంకేతం పెరుగుతుంది కానీ, తరంగం దారిలోనే రూపం మార్చుకుంటుంది. దాన్ని సరిదిద్దే లెక్క వేరే.

ఎల్‌బీ నగర్ నుంచి కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా వెళితే వచ్చే కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. అర్జున్ ట్యాంకు కవచానికి ‘కంచన్’ పేరు ఆ పేట నుంచే వచ్చింది. అలాంటి కవచం ఎదుర్కొనే తూటా, పేలుడు లోకంలో వేగాలు సెకనుకు వందల మీటర్లు. అక్కడ జడత్వానిదే రాజ్యం. ఆ లోకపు అలవాట్లను హెల్మెట్‌కు అంటగట్టకూడదని నా వాదన. నలిగే ఫోమ్‌లో జడత్వం చేర్చే ప్రతిబలాన్ని సాంద్రతను వేగపు వర్గంతో గుణించి, పూర్తిగా నలిగే వికృతితో భాగించి అంచనా కడతారు. ఘనమీటరుకు 60 కిలోల ఫోమ్‌కు 7.5 మీటర్ల వేగం దగ్గర ఇది సుమారు 5 కిలోపాస్కల్‌లు, ఫోమ్ సొంత ప్రతిబలంలో ఒక శాతం. 100 మీటర్ల వేగంలో సుమారు 860 కిలోపాస్కల్‌లు అవుతుంది. రోడ్డు మీది వేగంలో లెక్కించవలసినవి ఫోమ్‌లోని పాలిమర్ గోడల రేటు స్వభావం, ఆ గోడల మధ్య గదుల్లో చిక్కుకున్న గాలి. ఉష్ణోగ్రత మారదనుకున్నా, 70 శాతం నలిగేసరికి ఆ గాలి ఒక్కటే దాదాపు 0.29 మెగాపాస్కల్‌లు జోడిస్తుంది.

కనుక ఇంజనీరింగ్ కాలేజీలో 2.87 మీటర్ల ఎత్తు నుంచి బరువు పడేసే గోపురం, కింద లోడ్ సెల్, పక్కన సెకనుకు పదివేల ఫ్రేములు తీసే కెమెరా ఉంటే ఈ ప్రశ్నకు చాలు. ఆరేడు మిల్లీసెకన్ల సంఘటనకు అరవైకి పైగా చిత్రాలు దొరుకుతాయి. నమూనా పక్కముఖం మీద నల్ల చుక్కలు చల్లి, వాటి కదలికను సాఫ్ట్‌వేర్‌తో అనుసరిస్తే ఏ పొర ముందు నలిగిందో తెలుస్తుంది. చుక్కలకు నీటి రంగే వాడాలి. సాల్వెంట్ ఉన్న స్ప్రే పెయింట్ థర్మాకోల్‌ను కరిగించేస్తుంది.

ఈసీఈ పరీక్షలో హెల్మెట్‌ను 50 డిగ్రీల వద్ద ఉంచి కూడా కొడతారు. మే నెలలో ఎండలో నిలిపిన బండికి వేలాడే హెల్మెట్‌కు ఇదేమీ అతిశయం కాదు. పదార్థ నమూనాలకూ ఆ వేడి దశ ఉండాలి, ఓవెన్ నుంచి తీసిన క్షణాల్లోనే బరువు పడాలి: థర్మాకోల్ లోపల వేడి నిలిచినా, కెమెరా చూసే పక్కముఖం ముందే చల్లారిపోతుంది.