పోకర్: కాల్ చేయాలా.. ఫోల్డ్ అవ్వాలా? ‘పాట్ ఆడ్స్’ లెక్క వేసేది ఇలా!

టేబుల్ మధ్యలో చిప్స్ కుప్పగా ఉన్నాయి. చేతిలో ఆట ఇంకా పూర్తి కాలేదు. ఒక్క ముక్క పడితే చాలు, పాట్ మొత్తం సొంతం. సరిగ్గా అప్పుడే ప్రత్యర్థి బెట్ పెంచాడు. ‘ఇంత దూరం వచ్చాం కదా, ఇంకొక్కటి చూద్దాం’ అనుకుని చిప్స్ ముందుకు తోసేవాళ్లే ఎక్కువ. పోకర్‌లో చాలామంది చిప్స్ కరిగిపోయేది ఇక్కడే. ఆ ఒక్క ముక్క కోసం ఎంత వరకు పెట్టొచ్చో చెప్పే చిన్న లెక్కే ‘పాట్ ఆడ్స్’. గుణకారం, భాగహారం వస్తే చాలు, ఎవరైనా వేసుకోవచ్చు.

పాట్ ఆడ్స్ అంటే ఏంటి?

పాట్ అంటే ఆ ఆటలో అప్పటివరకు అందరూ వేసిన చిప్స్ మొత్తం. ఆటలో కొనసాగడానికి వేయాల్సిన చిప్స్‌కి, గెలిస్తే వచ్చే పాట్‌కి మధ్య ఉండే నిష్పత్తే పాట్ ఆడ్స్. ఒకరకంగా తర్వాతి ముక్క చూడటానికి కట్టే టికెట్ ధర అన్నమాట.

రమ్మీ ఆడేవాళ్లకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. ముక్కలు బాగోలేనప్పుడు 80 పాయింట్ల ఫుల్ కౌంట్ నెత్తిన పడే కంటే, 20 పాయింట్లకే డ్రాప్ అయిపోవడం నయం అనుకుంటారు. పోకర్‌లో ఫోల్డ్ అవ్వడం కూడా అలాంటిదే. కాకపోతే ఇక్కడ ధర ప్రతి బెట్‌కీ మారుతూ ఉంటుంది. అందుకే ప్రతిసారీ కొత్తగా లెక్క వేయాల్సి వస్తుంది.

స్టెప్ 1: ధర ఎంతో చూడాలి

టెక్సాస్ హోల్డెమ్ ఆటే ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో ఒక్కొక్కరి చేతిలో 2 ముక్కలు ఉంటాయి. టేబుల్ మీద అందరికీ కలిపి 5 ముక్కలు తెరుస్తారు. మొదట వచ్చే 3 ముక్కలను ఫ్లాప్, నాలుగోదాన్ని టర్న్, అయిదోదాన్ని రివర్ అంటారు.

టర్న్ తర్వాత పాట్‌లో 400 చిప్స్ ఉన్నాయనుకుందాం. ప్రత్యర్థి 200 బెట్ వేశాడు. పాట్ 600 అయింది. ఆటగాడు 200 వేస్తేనే రివర్ చూడగలడు. అంటే 600కి 200.. మూడుకి ఒకటి.

దీన్ని శాతంలోకి మార్చాలంటే సూత్రం ఇదీ: వేయాల్సిన కాల్‌ని, ఆ కాల్ కూడా కలిపాక అయ్యే మొత్తం పాట్‌తో భాగించాలి. 200ని 800తో భాగిస్తే 25 శాతం. అంటే గెలిచే అవకాశం కనీసం 25 శాతం ఉంటేనే ఆ కాల్ గిట్టుబాటు అవుతుంది.

కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. తమ కాల్‌ని కలపకుండా 200ని 600తో భాగిస్తారు. జవాబు 33 శాతం వస్తుంది. దాంతో కొనసాగించాల్సిన ఆటను కూడా వదిలేస్తారు.

బెట్ సైజును బట్టి కావాల్సిన అవకాశం ఎలా మారుతుందంటే..

- పాట్‌లో పావు వంతు బెట్: 16.7 శాతం
- పాట్‌లో సగం బెట్: 25 శాతం
- పాట్‌లో ముప్పావు వంతు బెట్: 30 శాతం
- పాట్ అంత బెట్: 33.3 శాతం
- పాట్‌కి రెట్టింపు బెట్: 40 శాతం

ఈ అయిదూ గుర్తుంటే టేబుల్ దగ్గర భాగహారంతో పెద్దగా పని ఉండదు.

స్టెప్ 2: ఔట్స్ లెక్కపెట్టాలి

ఆటను గెలిపించే ముక్కలు ఇంకా పేకలో ఎన్ని మిగిలి ఉన్నాయో వాటినే ఔట్స్ అంటారు.

ఆటగాడి చేతిలో ఆఠీన్ 10, ఆఠీన్ 9 ఉన్నాయనుకుందాం. టేబుల్ మీద ఆఠీన్ ఆసు, ఆఠీన్ 4, ఇస్పేట్ రాజు, కళావర్ 2 పడ్డాయి. ప్రత్యర్థి దగ్గర ఆసు జోడీ ఉన్నట్టుంది. ఆటగాడికి ఇంకొక్క ఆఠీన్ పడితే ఫ్లష్ పూర్తవుతుంది. మొత్తం 13 ఆఠీన్‌లలో 4 కనిపించాయి. మిగిలినవి 9. పేకలో 52 ముక్కలు, కనిపించినవి 6, కనిపించనివి 46. కాబట్టి ఫ్లష్ పడే అవకాశం 46లో 9.. దాదాపు 19.6 శాతం.

ఒక్క ముక్క మాత్రమే మిగిలి ఉన్నప్పుడు తరచూ ఎదురయ్యే లెక్కలు ఇవీ..

- ఫ్లష్‌కి ఒక ముక్క తక్కువ: 9 ఔట్స్, 19.6 శాతం
- 6, 7, 8, 9లా రెండు చివర్లా పూర్తయ్యే స్ట్రెయిట్: 8 ఔట్స్, 17.4 శాతం
- 6, 7, 9, 10లా మధ్యలో ముక్క కావాల్సిన స్ట్రెయిట్: 4 ఔట్స్, 8.7 శాతం

నోటి లెక్కకు ఓ చిట్కా ఉంది. ఒక్క ముక్క రావాల్సి ఉంటే ఔట్స్‌ని 2తో గుణించాలి. రెండు ముక్కలు రావాల్సి ఉంటే 4తో గుణించాలి. 9 ఔట్స్‌కి 18 శాతం, 36 శాతం వస్తాయి. అసలు లెక్కలు 19.6, 35. ఆట మధ్యలో ఈ మాత్రం దగ్గరగా ఉంటే సరిపోతుంది.

స్టెప్ 3: రెండూ పోల్చాలి

ధర 25 శాతం, అవకాశం 19.6 శాతం. కాబట్టి ఫోల్డ్. మరి అదే చోట ప్రత్యర్థి 200 బదులు 100 మాత్రమే వేసి ఉంటే? అప్పుడు 100ని 600తో భాగించాలి. ధర 16.7 శాతానికి దిగింది. ఇప్పుడు కాల్ చేయడమే సరైన నిర్ణయం.

ముక్కలు అవే, ప్రత్యర్థి కూడా అతనే. మారింది ధర ఒక్కటే. ఆ తేడా ఎంత పెద్దదో 46 సార్లు ఇదే ఆట ఆడినట్టు ఊహించుకుంటే తెలుస్తుంది. సగటున 9 సార్లు గెలుపు, 37 సార్లు ఓటమి.

- 200 కాల్ చేస్తే: 9 సార్లకు వచ్చేది 5,400. 37 సార్లకు పోయేది 7,400. చివరికి నష్టం 2,000 చిప్స్.
- 100 కాల్ చేస్తే: వచ్చేది 4,500. పోయేది 3,700. చివరికి లాభం 800 చిప్స్.

200 వేసి ఒకసారి ఫ్లష్ కొట్టినవాడు తన నిర్ణయం కరెక్టే అనుకుంటాడు. ఆ గెలుపే అతన్ని మళ్లీ మళ్లీ అదే ధర కట్టేలా చేస్తుంది. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని అంచనా వేయకూడదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది?

అన్ని ఔట్స్ ఒకటి కావు. పై ఉదాహరణలో ప్రత్యర్థి చేతిలో రెండు రాజులు ఉంటే, ఆఠీన్ 2 పడగానే ఆటగాడికి ఫ్లష్ వస్తుంది కానీ ప్రత్యర్థికి ఫుల్ హౌస్ అవుతుంది. అదే ప్రత్యర్థి చేతిలో పెద్ద ఆఠీన్‌లు రెండు ఉంటే, ఫ్లష్ పడినా ఓటమే. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు ఔట్స్ తగ్గించి లెక్కపెట్టాలి.

ఫ్లాప్ మీద 4తో గుణించి 36 శాతం ఉందని ధీమా పడటం ఇంకో పొరపాటు. ఆ అవకాశం రెండు ముక్కలూ చూస్తేనే వర్తిస్తుంది. టర్న్ తర్వాత ప్రత్యర్థి మళ్లీ బెట్ వేస్తే రెండో టికెట్ కూడా కొనాల్సిందే. ఆల్ ఇన్ అయిపోయి, ఇక బెట్స్ లేవన్నప్పుడే 4 చిట్కా పూర్తిగా పనికొస్తుంది.

మరోవైపు, ఫ్లష్ పడ్డాక ప్రత్యర్థి నుంచి ఇంకొంత రాబట్టగలిగితే లెక్క మారుతుంది. దీన్ని ‘ఇంప్లైడ్ ఆడ్స్’ అంటారు. 200 కాల్ గిట్టుబాటు కావాలంటే, ఫ్లష్ పడిన ప్రతిసారీ సగటున ఇంకో 223 చిప్స్ దాకా రావాలి. ప్రత్యర్థి దగ్గర అన్ని చిప్స్ లేకపోయినా, మూడో ఆఠీన్ చూడగానే అతను వదిలేసినా ఆ ఆశ వదులుకోవాల్సిందే.

నిర్వాహకులు పాట్‌లోంచి తీసుకునే కమీషన్ కూడా మర్చిపోకూడదు. ఉదాహరణకు 5 శాతం కమీషన్ అనుకుంటే, 600 పాట్‌లో 30 పోతాయి. పైన చెప్పిన 800 లాభం 530కి పడిపోతుంది. లెక్క సరిగ్గా వేసినా లాభంలో మూడో వంతు మాయం!

ఈ లెక్క పుట్టిందెక్కడ?

సంభావ్యత గణితం వేళ్లు కూడా పందెం ఆటల్లోనే ఉన్నాయి. మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్మును ఎలా పంచాలన్న ప్రశ్నపై 1654లో ఫ్రాన్స్‌కు చెందిన బ్లేజ్ పాస్కల్, పియరీ డి ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు. ఇంకా రాని ఫలితాలను లెక్కపెట్టి, దాన్ని బట్టి ఇప్పటి వాటా తేల్చడం వాళ్ల పద్ధతి. పాట్ ఆడ్స్ వెనుక ఉన్నదీ అదే ఆలోచన.

చట్టం ఏం చెబుతోంది?

లెక్క నైపుణ్యమే అయినా, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటానికి అది లైసెన్స్ కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందెం ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యం ఆటలు, అదృష్టం ఆటలు అనే తేడా లేకుండా డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ గేమ్స్ నిర్వహణను నిషేధించింది. అలాంటి గేమ్స్ అందించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

డబ్బు లేకుండా, ఉత్త చిప్స్‌తో ఇంట్లో ఆడుకున్నా ఈ లెక్క ప్రాక్టీస్ చేయొచ్చు. ధర ఎంత, అవకాశం ఎంత.. ఈ రెండు ప్రశ్నలూ వేసుకున్నాకే చిప్స్ మీద చెయ్యి వేయాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. పందెం ఆటలను ప్రోత్సహించడం దీని ఉద్దేశం కాదు.