వేయి చేతులున్న వేయి రెట్ల వేగమా?

ఒక గణన యంత్రము గంటలో ముగించు లెక్కను అటువంటి యంత్రములు వేయి కలిసి నాలుగు సెకండ్లలోపున ముగింపగలవా? ఒకే లెక్కను ముక్కలు చేసి, అనేక ప్రాసెసర్లకు పంచి, ఏకకాలమున చేయించు యంత్రములను సమాంతర సూపర్ కంప్యూటర్లు అందురు. వాటికి ప్రకటించు వేగము నిజముగా లభించునా అను ప్రశ్నకు అర్ధశతాబ్దికి మించిన చరిత్ర కలదు.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 1960 దశకములో డేనియల్ స్లాట్నిక్ నాయకత్వమున ఇలియాక్-4 అను యంత్రము రూపొందినది. 256 ప్రాసెసర్లతో సెకండుకు 100 కోట్ల గణిత క్రియలు జరిపింపవలెనని సంకల్పము. కాని వ్యయము అంచనాను ఎంతో మించినది. 64 ప్రాసెసర్లు మాత్రమే అమర్చబడినవి. 1972లో నాసా వారి ఏమ్స్ కేంద్రమునకు చేరిన ఆ యంత్రము నమ్మకముగా పనిచేయుటకు 1975 వరకు పట్టినది.

యంత్రము లోపము లేకుండ పనిచేసినను మరియొక చిక్కు కలదని ఐ.బి.ఎం. సంస్థకు చెందిన జీన్ ఆమ్డాల్ 1967లోనే హెచ్చరించెను. ప్రతి లెక్కలోను పంచుటకు వీలుకాని భాగము కొంత ఉండును. పదిమందికి బదులు నూరుమంది వచ్చినచో వరినాట్లు త్వరగా ముగియును. కాని నారుమడిలో నారు ఎదుగు దినములు మాత్రము తగ్గవు. ఒక ప్రాసెసరుపై 100 గంటలు పట్టు లెక్కలో 5 గంటల పని పంచరానిదనుకొందురు గాక. మిగిలిన 95 గంటల పని 1,024 ప్రాసెసర్లపై ఆరు నిమిషములలోపున ముగియును. కాని ఆ 5 గంటలు అట్లే ఉండును. మొత్తముమీద వేగము 20 రెట్లు కూడ కాదు. లక్ష ప్రాసెసర్లు చేర్చినను ఆ హద్దు దాటదు.

ఈ వాదములో తప్పు లేదు. అయినను 1988లో శాండియా జాతీయ ప్రయోగశాలకు చెందిన జాన్ గస్టాఫ్సన్, గారీ మాంట్రీ, రాబర్ట్ బెన్నర్ దీనిని మరియొక వైపునుండి పరిశీలించిరి. 1,024 ప్రాసెసర్లు గల యంత్రముపై మూడు శాస్త్ర సమస్యలను సాధించిరి. సమస్య పరిమాణము మార్చనపుడు వేగము 500 రెట్లకు మించెను; ప్రాసెసర్లతోపాటు సమస్యను కూడ పెంచినపుడు 1,000 రెట్లకు మించెను. నారు ఎదుగు దినములు అవియే అయినను, నాటవలసిన పొలము పెరిగినచో నూరుమందికిని పని దొరుకును గదా! ఒకే యంత్రమునకు రెండు అంకెలు, రెండును సత్యములే.

ఈ సందిగ్ధత అతిశయోక్తులకు చోటిచ్చినది. ఏమ్స్ కేంద్రమునకు చెందిన డేవిడ్ బెయిలీ 1991లో వ్యంగ్యముగా ఒక వ్యాసము వ్రాసి, జనులను భ్రమింపజేయు 12 ఉపాయములను వివరించెను. లెక్కలో అతివేగముగా సాగు భాగమును మాత్రమే కొలిచి దానినే మొత్తము వేగముగా చూపుట, క్రొత్త యంత్రమును కాలము చెల్లిన యంత్రముతో పోల్చుట వాటిలో కొన్ని.

అందరికిని ఒకే పరీక్ష ఉండవలెనను ఉద్దేశముతో 1993 జూన్ నుండి 500 వేగవంతమైన యంత్రముల పట్టిక వెలువడుచున్నది. పెద్ద సమీకరణముల సముదాయమును సాధించుటయే ఆ పరీక్ష; దాని పేరు లిన్‌పాక్. తొలి పట్టికలో ప్రథమ స్థానము పొందిన సి.ఎం.-5 యంత్రమునకు సిద్ధాంతరీత్యా వేగము సెకండుకు 13,100 కోట్ల క్రియలు; పరీక్షలో తేలినది 5,970 కోట్లు.

పరీక్ష మారినచో అంకెయు మారును. 2022 నవంబరులో ప్రథమ స్థానమునందున్న ఫ్రాంటియర్ లిన్‌పాక్‌లో సెకండుకు సుమారు 11,000 కోట్ల కోట్ల క్రియలు జరిపెను. జ్ఞాపకకోశమునుండి మాటిమాటికి సంఖ్యలను తెచ్చుకొనవలసిన హెచ్.పి.సి.జి. అను పరీక్షలో 140 కోట్ల కోట్లు మాత్రమే జరిపెను. అనేక ఇంజనీరింగు సమస్యలు ఈ రెండవ తరహాకు చెందినవి. అచ్చట ప్రాసెసర్లు లెక్కించుటకంటె సంఖ్యలకై వేచియుండుటయే ఎక్కువ.

కనుక ప్రకటిత వేగము అసత్యము కాదు. అది పై హద్దు. దానిని ఎంతవరకు అందుకొనగలమనునది లెక్క స్వభావముపైనను, దానిని పంచిన నేర్పుపైనను ఆధారపడును. పై ఉదాహరణలో పంచరాని పనిని 5 గంటలనుండి 1 గంటకు తగ్గించినచో, అవే 1,024 ప్రాసెసర్లపై వేగము ఎన్ని రెట్లగునో విద్యార్థులు స్వయముగా లెక్కించి చూడవచ్చును. అది సుమారు 91 రెట్లు. ఒక్క ప్రాసెసరైనను అదనముగా చేర్చలేదు!