మరక అంటని బూటు

తామరాకు మీద నీటిబొట్టు నిలవదని మనవాళ్లకి ఏనాటినుంచో తెలుసు. కాని అదే ఆకు మీద రెండు చుక్కలు నువ్వులనూనె వేసి చూడండి, హాయిగా పరుచుకుంటుంది! ఆకు మీది మైనానికి నీళ్లతోనే వైరం, నూనెతో చుట్టరికం. అందుకే గుడ్డకి మైనం పట్టిస్తే వాన ఆగుతుంది గాని జిడ్డు ఆగదు.

రెండింటినీ తరిమే పూత దొరికింది మాత్రం వెతుకుతుంటే కాదు. 1953లో అమెరికాలోని మిన్నెసోటాలో, త్రీ ఎమ్ కంపెనీ ప్రయోగశాలలో పాట్సీ షెర్మన్ అనే యువతి జెట్ విమానాల ఇంధనానికి చెడని రబ్బరు కోసం తంటాలు పడుతోంది. ఓరోజు సహాయకురాలి చేతిలోంచి సీసా జారి, అందులోని ద్రవం ఆ పిల్ల గుడ్డబూటు మీద చిమ్మింది. సబ్బుతో రుద్దారు. స్పిరిటుతో తుడిచారు. ఊహూఁ, పోదే! పైగా పోసిన నీళ్లు ముత్యాల్లా దొర్లిపోతున్నాయి. బూటు పాడయిందని ఊరుకుంటే కథ అక్కడితో సరి. షెర్మన్ ఊరుకోలేదు. సామ్ స్మిత్ అనే సహోద్యోగితో కలిసి ఆ ద్రవం వెంట పడింది. 1956లో అది ‘స్కాచ్‌గార్డ్’ పేరుతో బజారుకొచ్చింది. మధ్యలో బట్టల మిల్లులో పరీక్షలు జరుగుతుంటే, లోపలికి ఆడవాళ్లు రాకూడదని ఆవిణ్ణి బయటే ఉంచేశారట. పూత కనిపెట్టింది ఆవిడే మరి!

కిటుకంతా ఫ్లోరిన్‌ది. కార్బన్‌తో అది వేసే ముడి రసాయనశాస్త్రంలోని మహా గట్టి ముళ్లలో ఒకటి. ఒకసారి ముడిపడ్డాక నీళ్లతోనూ పొత్తు లేదు, నూనెతోనూ లేదు. పోగు చుట్టూ ఆ అణువుల గొలుసులు పరుచుకుంటే కాఫీ అయినా, కూర పులుసయినా బొట్టుకట్టి జారాల్సిందే.

చిక్కల్లా ఆ ముడి మరెక్కడా విడకపోవడం. ఎండకి విడదు, మట్టిలో విడదు, ఒంట్లో విడదు. 1990ల చివర్లో త్రీ ఎమ్ వాళ్లే పరీక్షిస్తే, ఆ ఫ్యాక్టరీ గడప తొక్కని మామూలు జనం నెత్తుట్లో ఈ పూతల తాలూకు పీఎఫ్ఓఎస్ అనే రసాయనం బయటపడింది. పోల్చిచూడ్డానికి రక్తనిధి నుంచి తెప్పించిన రక్తంలోనూ అదే! ఒంట్లో చేరింది సగానికి తగ్గడానికే కొన్నేళ్లు పడుతుంది. 2000 మే నెలలో కంపెనీ దాని తయారీ మానేస్తామంది. పేరు అలాగే ఉంచి పొట్టి గొలుసుల రసాయనానికి మారింది. అవీ విడని ముళ్లేనండీ. 2009లో పీఎఫ్ఓఎస్ స్టాక్‌హోం ఒప్పందపు జాబితాకెక్కింది. ఈ కుటుంబం మొత్తాన్నీ 2025 చివరికల్లా వదిలేస్తామని 2022 డిసెంబరులో త్రీ ఎమ్ ప్రకటించింది.

ఇప్పుడు వానకోట్ల తయారీదార్లు చాలామంది ఫ్లోరిన్ మానేసి మళ్లీ మైనం, సిలికోన్ల దారి పడుతున్నారు. వాన ఆగుతుంది. పకోడీల నూనె అంటిందా, ఉతుక్కోవాల్సిందే.