గండికోట మీది ఆకాశం: సరదా డ్రోన్లకు నమోదు వచ్చిన తీరు

సరదాకు ఎగరేసే డ్రోన్‌ను కూడా భారతదేశంలో చట్టం విమానంగానే లెక్కగడుతుంది. ఈ లెక్క డ్రోన్లు పుట్టకముందే, 1934 నాటి విమానాల చట్టంతో మొదలైంది. గాలి ఆధారంగా నిలిచే యంత్రాలన్నీ ఆ చట్టం ప్రకారం విమానాలే. బెలూన్లు, గ్లైడర్లతో పాటు గాలిపటాన్ని కూడా అది వదల్లేదు. ఎగిరే విమానంలోంచి ఫొటో తీయాలంటే డైరెక్టర్ జనరల్ రాతపూర్వక అనుమతి ఉండాలని 1937 నాటి నిబంధనలు చెప్పాయి. ఆకాశం నుంచి ఫొటో తీయడంపై ఆంక్షలు అలా ముందునుంచే ఉన్నాయి. సంచిలో పట్టే యంత్రం సామాన్యుల చేతికి వచ్చాక ఆ పాత ఆంక్షలను దానికి ఎలా వర్తింపజేయాలన్నది చిక్కు ప్రశ్న అయింది.

కడప జిల్లాలో ఆ ప్రశ్న సూటిగా ఎదురయ్యే చోటు గండికోట. జమ్మలమడుగుకు దగ్గరలో పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారుతుంది. ఆ గండి అంచున కోట నిలిచింది. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి చూసి, దాని గురించి రాశాడు. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం నేలమీద తిరుగుతూ ఒక్కొక్కటిగా చూడదగ్గవి. నది వంపు, రాతి గోడలు, వాటి వెనక కోట కలిసి ఒక్క చూపులో అందాలంటే మాత్రం పైనుంచి చూడాలి. 2013 మొదట్లో డీజేఐ సంస్థ ఫాంటమ్ డ్రోన్‌ను మార్కెట్లోకి తెచ్చాక అలాంటి చూపు కెమెరా ఉన్న ఔత్సాహికులకు కూడా సాధ్యమైంది. పెళ్లికి ముందు తీయించుకునే వీడియోలకు, యూట్యూబ్ యాత్రా చిత్రాలకు డ్రోన్ దృశ్యం మామూలైపోయింది.

ప్రభుత్వం మొదట చేసింది నిషేధమే. 2014 అక్టోబర్ 7న పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, ఒక బహిరంగ ప్రకటన ఇచ్చింది. నిబంధనలు తయారయ్యేదాకా ప్రభుత్వేతర సంస్థలు గాని వ్యక్తులు గాని డ్రోన్లు ఎగరేయరాదన్నది దాని సారం. అదే ఏడాది ముంబైలో ఒక పిజ్జా దుకాణం డ్రోన్‌తో సరుకు చేరవేసి చూడడం అప్పటికే చర్చకు వచ్చింది. ఎగరేయడాన్ని ఆపారే గాని అమ్మకాలు ఆగలేదు. విదేశాల నుంచి వచ్చేవారి పెట్టెల్లోనూ డ్రోన్లు వస్తూనే ఉన్నాయి. నిషేధం ఉన్న నాలుగేళ్లలో దేశంలో ఎన్ని డ్రోన్లున్నాయో, అవి ఎవరివో చెప్పగల పట్టిక లేకుండా పోయింది.

ఇతర దేశాలు ఈలోగా నమోదు దారి పట్టాయి. అమెరికాలో 250 గ్రాములు దాటిన డ్రోన్లకు 2015 డిసెంబర్ 21 నుంచి నమోదు తప్పనిసరైంది. సరదా డ్రోన్లపై అలాంటి షరతు పెట్టే అధికారం విమానయాన సంస్థకు లేదని 2017 మేలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు కొట్టేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో కొత్త చట్టంతో నమోదు తిరిగి అమల్లోకి వచ్చింది. బ్రిటన్ 2019 నవంబర్‌లోనూ, యూరోపియన్ యూనియన్ 2020 చివరి రోజునా ఇదే దారికి వచ్చాయి.

భారతదేశంలో నిబంధనల రూపకల్పనకు ఆంధ్రప్రదేశ్‌తో ఒక సంబంధం ఉంది. నిషేధ ప్రకటన వచ్చినప్పుడూ, 2017 నవంబర్‌లో ముసాయిదా వెలువడినప్పుడూ పౌర విమానయాన మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు. తుది నిబంధనలు 2018 ఆగస్టు 27న వచ్చేనాటికి ఆ బాధ్యతలో ఉన్న సురేశ్ ప్రభు రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్ సభ్యుడు.

2018 డిసెంబర్ 1న అమల్లోకి వచ్చిన ఆ నిబంధనలు డ్రోన్లను బరువును బట్టి అయిదు తరగతులు చేశాయి. 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా చిన్నవి, 150 కిలోల దాకా మధ్యరకం, ఆపైవి పెద్దవి. విమాన రాకపోకల నియంత్రణ పరిధిలోకి రాని గగనతలంలో 50 అడుగులు దాటకుండా ఎగిరే నానోలకు మినహాయింపు దొరికింది. మిగతావాటికి 1,000 రూపాయలు కట్టి విశిష్ట గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. ప్రతిసారీ ‘డిజిటల్ స్కై’ వేదికపై అనుమతి పొందాలి. అనుమతి అందనిదే డ్రోన్ నేల విడవకుండా యంత్రంలోనే ఏర్పాటు ఉండాలని కూడా షరతు పెట్టారు. అలాంటి ఏర్పాటున్న డ్రోన్లు అంగళ్లలో దొరకడమే అరుదు కావడంతో, నిబంధన కాగితం మీదా డ్రోన్లు గాల్లోనూ ఉండిపోయాయి.

ఆ ఎడం తగ్గించడానికి 2020 జనవరిలో కేంద్రం స్వచ్ఛంద వెల్లడికి అవకాశమిచ్చింది. నెలాఖరులోగా వివరాలు ఇచ్చిన యజమానికొక సంఖ్య, డ్రోన్‌కొక సంఖ్య కేటాయించారు. అది ఎగరేసే హక్కు కాదు. దేశంలో ఎవరి దగ్గర ఏముందో ప్రభుత్వానికి మొదటిసారి తెలియజెప్పిన పట్టిక మాత్రమే.

2021 మార్చి 12న మరింత కఠినమైన నియమావళి వచ్చింది. అందులో 25 ఫారాలు, 72 రకాల రుసుములు ఉన్నాయి. జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్లతో దాడి జరిగింది. దాని తర్వాత ఆంక్షలు ఇంకా బిగుస్తాయని అనిపించినా జరిగింది వేరు. ఆగస్టు 25న ప్రకటించిన డ్రోన్ నిబంధనలు ఫారాలను 5కి, రుసుములను 4కి తగ్గించాయి. గుర్తింపు సంఖ్యకు 100 రూపాయలు చాలన్నాయి. జరిమానాకు లక్ష రూపాయల హద్దు పెట్టాయి. నానో డ్రోన్లకూ, వ్యాపారానికి కాకుండా ఎగరేసే మైక్రో డ్రోన్లకూ పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదన్నాయి.

అసలు మార్పు పటంలో ఉంది. దేశ గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా గుర్తించిన పటం 2021 సెప్టెంబర్ 24న వెలువడింది. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా విమానయాన అనుమతి అడగక్కర్లేదు. పసుపులో విమాన రాకపోకల నియంత్రణ కేంద్రం అనుమతి, ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. విమానాశ్రయాల చుట్టూ 45 కిలోమీటర్ల పసుపు పరిధి 12 కిలోమీటర్లకు కుదించుకుపోయింది. ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి అవసరమైతే ఒక ప్రాంతాన్ని 96 గంటలు మించకుండా తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు. దీంతో డ్రోన్ ఎవరిదన్న ప్రశ్నకు నమోదు, ఎక్కడ ఎగరవచ్చన్న ప్రశ్నకు పటం, వేర్వేరుగా జవాబులయ్యాయి.

గండికోటలో ఈ రెండూ సరిపోవు. కడప విమానాశ్రయం కోటకు 12 కిలోమీటర్లకన్నా చాలా దూరం. అయినా కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడాలకు 1958 నాటి చట్టం, 1959 నాటి నిబంధనలు వర్తిస్తాయి. అక్కడ డ్రోన్ ఎగరేయాలంటే ఆ శాఖ ముందస్తు అనుమతి కావాలి. గుర్తింపు సంఖ్య చేతిలో ఉన్నంత మాత్రాన గుడి శిఖరం మీదో మసీదు మీదో డ్రోన్ తిప్పే హక్కు రాదు. విమానయాన చట్టం చూసేది ఆకాశ భద్రతను. పురావస్తు చట్టం చూసేది కిందనున్న కట్టడాన్ని.

లోయ వల్ల మరో చిక్కు వస్తుంది. ఎత్తును లెక్కించేది డ్రోన్ కిందనున్న నేల నుంచి. లోయ సుమారు 300 అడుగుల లోతు ఉన్నచోట కోట అంచు నుంచి 200 అడుగుల పైకి లేపిన డ్రోన్‌ను నది మీదికి పంపితే, అది 500 అడుగుల ఎత్తున ఉన్నట్టే. ఎగరేసే మనిషి దాని ఎత్తు మార్చకపోయినా 400 అడుగుల హద్దు దాటిపోతుంది. ఎత్తు తగ్గించుకుందామని లోయలోకి దింపితే, డ్రోన్ కంటిచూపులోనే ఉండాలన్న నియమానికి రాతి గోడలు అడ్డొస్తాయి.

తర్వాతి మార్పులు వేగంగా వచ్చాయి. 2022 ఫిబ్రవరి 9న పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకు తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు. విడిభాగాలు తెచ్చుకోవడాన్ని మాత్రం ఆపలేదు. విదేశాల్లోని బంధువులు పెట్టెలో తెచ్చే డ్రోన్‌కు దారి అలా మూసుకుపోయింది. 2024లో శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రి అయ్యారు. అదే ఏడాది అక్టోబర్‌లో అమరావతి డ్రోన్ సదస్సు సందర్భంగా విజయవాడలో కృష్ణానది మీద 5,000కు పైగా డ్రోన్లను ఒకేసారి ఎగరేశారు. 1934 చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. డ్రోన్లకే ప్రత్యేకమైన చట్టం కోసం కేంద్రం 2025 సెప్టెంబర్‌లో ముసాయిదా బిల్లును అభిప్రాయ సేకరణకు పెట్టింది. తప్పనిసరి నమోదును అందులోనూ ఉంచి, దానికి ఇతరులకు కలిగే నష్టానికి బీమాను జోడించింది. విమానాల చట్టం నీడలో మొదలైన డ్రోన్ల నియంత్రణను వేరే చట్టంగా నిలబెట్టే ప్రయత్నం ఆ ముసాయిదా.