కడలి కట్టుబాటు

సముద్రములోని మత్స్యసంపద తరుగునది కాదని లోకులు చాలకాలము నమ్మియుండిరి. 1883 లో లండను నగరమున జరిగిన మత్స్యప్రదర్శనమునందు హక్స్‌లీ పండితుడంతటివాడు, కాడ్ మొదలగు కడలిచేపలు మనుష్యుల వేటచే తరుగవని చెప్పెను. 1992 లో కెనడా ప్రభుత్వము న్యూఫౌండ్లాండు తీరమున ఆ కాడ్ వేటనే నిలుపవలసి వచ్చెను. 30,000 మందికి పైగా జీవనమును గోల్పోయిరి. కట్టుబాటు ఆలస్యమైనచో చేపతోడనే చేపను నమ్మినవాడును చెడును.

మన దేశమున 1897 నాటి మత్స్యశాసనము ప్రేలుడుమందును, విషమును నీట వైచి చేపలను జంపుటను నేరముగా జేసెను. 1907 లో మద్రాసు రాజధానిలో నికల్సన్ దొర యాధ్వర్యవమున మత్స్యశాఖ యేర్పడెను. స్వాతంత్ర్యానంతరము మరపడవలు, అడుగు నీడ్చుకొనిపోవు ట్రాలు వలలు వచ్చినవి. సన్నకన్నుల వలలో పిల్లచేపలును పడెను. మరపడవల తాకిడికి తెప్పలవారి వలలు తెగెను. పలు తీరములందు కలహములు చెలరేగగా, కేంద్రప్రభుత్వము 1976 లో మజుందారు సంఘమును నియమించి, 1979 లో మాదిరి చట్టమును రాష్ట్రములకు బంపెను. కేరళము, గోవా 1980 లో చట్టములు చేసికొన్నవి. మన ఆంధ్రప్రదేశ్ చట్టము 1994 నాటిది. కావున ఈ శాసనములు ఎవరో దయతో నిచ్చినవి కావు. తెప్పలవారి మొఱనుండి పుట్టినవి.

మన చట్టము ప్రకారము గట్టునుండి 8 కిలోమీటర్ల నీరు సంప్రదాయపు నావలది. మరపడవలు దానికావలనే వేటాడవలెను. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమును గాచుటకై తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు వేట నిలుపుదురు. 2015 కు పూర్వమది 47 దినములే. మరలేని నావలకు ఈ నిషేధము లేదు. వేటలేని దినములకై రాష్ట్రప్రభుత్వము 2019 నుండి కుటుంబమునకు 10,000 రూపాయల భృతి నిచ్చెను. 2025 లో దానిని 20,000 రూపాయలు చేసెను.

ఇక మనలో మనము చెప్పుకొనవలసిన మాట యొకటి గలదు. తెప్పవాడును మనవాడే, మరపడవ యజమానియు మనవాడే. రాత్రివేళ 8 కిలోమీటర్ల హద్దు దాటి లోపలికి వచ్చు పడవ పరులదే యనుకొనుట ఆత్మవంచన. సన్నకన్నుల వలను అమ్మువాడు ఒకడైనను, కొని కడలిలో విసరువారము మనమే. ప్రభుత్వపు గస్తీపడవ తీరమంతటిని కాయజాలదు. ఊరి పెద్దల మాట మాత్రము ప్రతి నావకును అందును.

కావున ఈ మహాసభకు మేము రెండు విన్నపములు చేయుచున్నాము. పెద్దలు తమ తమ గ్రామములందు హద్దును, వలకన్నును గూర్చి కట్టుబాటు చేసి, తప్పినవాడు స్వజనుడైనను మన్నింపకుందురు గాక. కులపోషకులగు ధనికులు ఆ 61 దినములలో పేదకుటుంబములు అధికవడ్డీకి అప్పుచేయకుండ నాదుకొందురు గాక. ఆకలిగొన్నవానికి శాసనము చెప్పి ఫలము లేదు. వాని పొయ్యి వెలిగియున్ననే కడలిలోని పిల్లచేప బ్రదుకును. అది బ్రదికిననే మన బిడ్డలకు రేపు వేట యుండును.