టీపాయి మీది మెరుపు

కుర్చీల నడుమ వేసుకునే పొట్టి బల్లను మనం టీపాయి అంటాము. ఆ మాటలో తేనీరు ఉందని చాలామంది నమ్మకం. అందులో తేనీరూ లేదు, కాఫీ అసలే లేదు. హిందుస్తానీలో 'తిపాయీ' అంటే మూడు కాళ్ళది, మన ముక్కాలిపీట వంటిదే. దొరలు ఆ మాటను తమ నాలుకకు తిప్పుకుని, 19వ శతాబ్దిలో తేయాకు పెట్టెను ఒంటికాలు మీద నిలబెట్టి దానికీ ఆ పేరే పెట్టారు. మూడు కాళ్ళతో ఓడ ఎక్కిన మాట ఒంటికాలితో కాపురం చేసి, చివరికి మన వసారాల్లో నాలుగు కాళ్ళ మీద స్థిరపడింది. 'కాఫీ టేబుల్' చరిత్ర ఇంకా చిన్నది. 1868లో ఎడ్వర్డ్ విలియం గాడ్విన్ గీసిన బల్లను తొలివాటిలో ఒకటిగా చెబుతారు. అది 27 అంగుళాల ఎత్తు. మోకాలి కిందికి దిగిన బల్ల ఆ తరువాతి ముచ్చట.

పేరు సంగతి అలా ఉంచుదాం. నేను చెప్పదలచింది దాని పైనున్న మెరుపు గురించి.

ఆ మధ్య ఒక టేకు టీపాయిని స్వయంగా చేసుకున్నాను. చెక్క కోయడం, చిత్రిక పట్టడం, బెజ్జాలు తొలిచి కాళ్ళు బిగించడం అన్నీ నాలుగు రోజుల పని. మెరుగుకు మాత్రం రెండు వారాలు పట్టింది. ఎండుటాకుల్లా పలచగా, తేనెరంగులో ఉండే లక్కరేకులను రాత్రంతా స్పిరిట్‌లో నానబెట్టాలి. ఉప్పుకాగితంతో నున్నగా రుద్దిన చెక్క మీద, పాత నూలుగుడ్డలో దూది ఉండచుట్టి, ఆ ద్రావకంలో తడిపి, ఒక్క చుక్క నూనె తగిలించి, సున్నాలు చుట్టినట్టు రుద్దుతూ పోవాలి. చేయి ఆగితే గుడ్డ అతుక్కుంటుంది. ఒక్కో పూత కంటికి ఆనదు. ఎన్నో పూతలు పడ్డాక, ఏదో ఒక సాయంత్రం చెక్క లోపల దీపం పెట్టినట్టు టేకు చారలు పైకి తేలుతాయి. ఈ పద్ధతి పేరు ఫ్రెంచి పాలిష్. ఆ పేరు దగ్గరే నాకు పేచీ.

దూదితో స్పిరిట్‌లో రుద్దే పద్ధతి 19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో పారిస్ నుంచి వ్యాపించిన మాట నిజమే. కానీ రుద్దే సరుకు మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్షలాది చిరుపురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడు. వారణావతంలో పురోచనుడు కట్టించిన ఇంటి పుణ్యమా అని మనకు లక్క అనగానే నిప్పే గుర్తొస్తుంది, మెరుగు గుర్తురాదు. గోవాలో కొన్నేళ్ళున్న డచ్చి యాత్రికుడు లిన్షోటెన్ 1596లో అచ్చయిన తన గ్రంథంలో, ఇక్కడి వాళ్ళు మంచాలకూ కుర్చీలకూ లక్కపూత వేసే తీరు రాశాడు. తిరిగే కర్రకు లక్కముక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద బొమ్మలు చేసేవారి పనితనం అదే. అక్కడ చివరి నునుపు మొగలి ఆకుతో తెస్తారు. స్పిరిట్ అవసరమే లేదు.

ఈస్టిండియా కంపెనీకి మొదట్లో ఈ మెరుపు మీద కంటే లక్కను కడిగితే వచ్చే ఎర్రరంగు మీదే మోజు. సైనికుల ఎర్రకోట్లకు ఖరీదైన కోచినీల్ బదులు అది పనికివచ్చింది. 1856లో పెర్కిన్ కృత్రిమ రంగును కనిపెట్టిన తరువాత, కొన్ని దశాబ్దాలలోనే రంగు గిరాకీ కూలిపోయింది. అంతవరకు వెనకబెంచీలో ఉన్న జిగురు ముందుకు వచ్చింది.

ఆ జిగురు రేకులుగా మారే తీరు చదివిననాటి నుంచి నా టీపాయిని నేను మునుపటిలా చూడలేకపోతున్నాను. కడిగిన లక్కగింజలను పొడవాటి, సన్నని గుడ్డసంచిలో కూరి, బొగ్గుల కొలిమి ముందు ఒకరు సంచి మెలితిప్పుతూ ఉంటారు. కరిగి కారిన లక్కను మరొకరు వేడినీళ్ళు నింపిన గుండ్రటి పింగాణీ గొట్టం మీద పరుస్తారు. అది చల్లారేలోగా మూడోవాడు పైకి తీసి, కొలిమి ముందే నిలబడి, కింది అంచును కాలివేళ్ళతో, పక్క అంచులను చేతులతో, పై అంచును పళ్ళతో పట్టి లాగుతాడు. దుప్పటంత రేకు సాగుతుంది. పారిస్‌లోనో లండన్‌లోనో ఒక బల్ల మీద కొవ్వొత్తి వెలుగు ప్రతిఫలించిందంటే, ఆ మెరుపును మన తూర్పు అడవుల దాపున ఎవరో పళ్ళతో పట్టి సాగదీశారన్నమాట. పాలిష్ చరిత్రల్లో గుడ్డ ఎలా మడవాలో పేజీలకు పేజీలు ఉంటుంది. ఇతని పేరు సరే, ప్రస్తావనే అరుదు.

బల్లల తరువాత గ్రామఫోను వచ్చింది. మన తాతలు విన్న పౌరాణిక నాటక పద్యాల 78 రికార్డులు లక్క కలిసినవే, అందుకే జారితే పింగాణీలా పగిలేవి. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధనకు ప్రత్యేక సంస్థ వెలసింది. 1942లో అమెరికా యుద్ధావసరాల కోసం రికార్డులకు వాడే లక్కను తెగ్గోసింది. 1948లో వినైల్ ఎల్పీ వచ్చాక ఆ గిరాకీ మెల్లగా పోయింది. ధర లేచినా పడినా నిర్ణయం సముద్రాలవతల జరిగేది. చెట్టెక్కి కొమ్మలు కోసే ఆదివాసీకి ఫలితమే తెలిసేది.

బల్లల మీద నుంచి కూడా లక్క దిగిపోయింది. 1920లలో నైట్రోసెల్యులోజ్ పూతలు వచ్చాయి, తరువాత పాలియురెథేన్. విచిత్రమేమంటే మొదటిదాన్ని 'లాకర్' అన్నారు. మన లక్క పోర్చుగీసు నోట పడి అయిన మాట అది. పేరు మిగిలింది, డబ్బాలో లక్క మాత్రం లేదు. లక్క ఇప్పుడు మందుమాత్రల మీద, మిఠాయిల మీద, నిగనిగలాడే ఆపిల్ పండ్ల మీద పూతగా బతుకుతోంది.

కాఫీబల్లకు ఈ మెరుగు పనికిరాదని తెలిసినవారు హెచ్చరిస్తారు. సబబే. వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. మా టీపాయికి ఇప్పటికే మూడు వలయాలున్నాయి. అయితే పాలియురెథేన్ గీసుకుపోతే మొత్తం గీకి మళ్ళీ వేయాలి. లక్క మీద కొత్త లక్క రుద్దితే పాతపూత కాస్త కరిగి దానిలో కలిసిపోతుంది, అతుకు తెలియదు. సీసాలో రేకులు ఇంకా ఉన్నాయి. దీపావళికి ముందు రెండు వలయాలు తీసేద్దామని ఉంది. మూడోది మా నాన్నగారి గ్లాసుది, దాన్ని మాత్రం ముట్టుకోను.